చలి ఊరు వదిలి వెచ్చని ఊరికి: డాలస్, ఫీనిక్స్, రాలీ, అట్లాంటా, ఫ్లోరిడాల్లో ఎవరికి ఏది?

అమెరికాలో ఎడిసన్ (న్యూజెర్సీ), నేపర్‌విల్ (చికాగో శివారు), ట్రాయ్ (మిషిగన్) లాంటి చలి ఊళ్లలో ఉండే తెలుగువాళ్ల ఇళ్లలో ఈ చర్చ ఏటా జనవరి చివర్లో మొదలవుతుంది. డ్రైవ్‌వేలో మంచు తవ్వి నడుం పట్టేసి ఉంటుంది. పిల్లలకు తగ్గిన జలుబే మళ్లీ వస్తుంది. సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. సరిగ్గా అప్పుడే డాలస్‌లో ఉన్న బావమరిది పెరట్లో టీ-షర్ట్‌తో కూర్చుని కాఫీ తాగుతున్న ఫొటో పెడతాడు. ఆ రాత్రికే డాలస్ శివారు ఫ్రిస్కోలో ఇళ్ల ధరలు వెతకడం మొదలవుతుంది. ఆగస్టులో మాత్రం ఆ బావమరిది పెరటి ఫొటోలు పెట్టడు.

నేను చికాగో చలి, డాలస్ ఎండ రెండూ చూశాను. రెండువైపులా చుట్టాలూ స్నేహితులూ ఉన్నారు. నాకు అర్థమైంది ఏమిటంటే, చలి ఎక్కడైనా దాదాపు ఒకేలా బాధపెడుతుంది గానీ, వెచ్చని ఊళ్లు మాత్రం ఒకదానికొకటి పోలిక లేనివి. ప్రతి ఊరూ తన ఎండకు వేరే రకంగా డబ్బు వసూలు చేస్తుంది. ఒకచోట ప్రాపర్టీ ట్యాక్స్, ఒకచోట ఇన్సూరెన్స్, ఇంకోచోట మధ్యాహ్నం గడప దాటలేని నాలుగు నెలలు. అందుకని "మారాలా వద్దా" అన్న ప్రశ్న కంటే ముందు "మారితే ఎక్కడికి" అన్నది తేల్చుకుంటే మొదటిదానికి జవాబు దానంతటదే దొరుకుతుంది.

ఇంటికంటే ముందు వీసా

గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉన్నవాళ్లు ఈ భాగం దాటేయొచ్చు. హెచ్-1బీలో ఉన్నవాళ్లు మాత్రం ఇల్లు చూసేముందు ఇది చూడాలి.

పనిచేసే చోటు ఒక మెట్రో ప్రాంతం నుంచి ఇంకో మెట్రో ప్రాంతానికి మారితే, మారకముందే కంపెనీ కొత్త ఎల్‌సీఏ (పనిచేసే చోటు, జీతం చూపి లేబర్ డిపార్ట్‌మెంట్ దగ్గర తీసుకునే పత్రం)తో అమెండ్‌మెంట్ పిటిషన్ వేయాలి. ఇదే విషయం మీద 2015లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల ఆఫీసు ఇచ్చిన సిమియో తీర్పు తర్వాత ఇందులో సందేహానికి చోటు లేదు. "నేను ఇంటినుంచే కదా పనిచేసేది, ఎక్కడుంటే ఏంటి" అనుకుంటారు చాలామంది. ఇంటినుంచి పనిచేస్తే ఆ ఇల్లే వర్క్‌సైట్. ఇల్లు న్యూజెర్సీ నుంచి టెక్సస్‌కు మారితే వర్క్‌సైట్ కూడా మారినట్టే.

గ్రీన్ కార్డ్ విషయం ఇంకాస్త చిక్కు. గ్రీన్ కార్డ్‌కు మొదటి మెట్టు పెర్మ్, అంటే లేబర్ సర్టిఫికేషన్. కంపెనీ ఇవ్వబోయే ఉద్యోగం ఏ ఊళ్లో అన్నదాన్ని బట్టి దాన్ని వేస్తారు. అది సగంలో ఉన్నప్పుడు ఊరు మారితే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు. రెండో మెట్టు ఐ-140 (కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయితే ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ స్థానం, మీదగ్గరే ఉంటుంది కాబట్టి భయం తక్కువ, కానీ కొత్త పెర్మ్ అవసరం రావచ్చు. చివరి దరఖాస్తు ఐ-485 వేసి 180 రోజులు దాటితే అదే తరహా ఉద్యోగానికి మారే వెసులుబాటు ఉంది. మేనేజర్ "నో ప్రాబ్లం, వెళ్లు" అన్నమాట నమ్ముకోకండి. కంపెనీ అటార్నీ నుంచి ఈమెయిల్‌లో సమాధానం తెప్పించుకోండి. జీతం ఊరిని బట్టి తగ్గిస్తారా అన్నది కూడా అదే ఈమెయిల్‌లో హెచ్‌ఆర్‌ని అడగండి. చాలా కంపెనీలు తగ్గిస్తాయి.

ఇన్‌కమ్ ట్యాక్స్ లేదన్న ఆనందం ఎంతవరకు నిజం?

టెక్సస్, ఫ్లోరిడాల గురించి అందరూ మొదట చెప్పేది స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని. అది నిజమే. కానీ అది సగం లెక్క. భార్యాభర్తలిద్దరి జీతం కలిపి ఏడాదికి 2 లక్షల డాలర్లు, ఇల్లు 6.5 లక్షల డాలర్లు అనుకుందాం. స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్, ప్రాపర్టీ ట్యాక్స్ రెండూ కలిపి చూద్దాం. ఇవి రమారమి అంకెలే, మీ కౌంటీని బట్టి మారతాయి.

న్యూజెర్సీలో ఆ జీతానికి స్టేట్ ట్యాక్స్ డిడక్షన్లను బట్టి 7,500 నుంచి 8,700 వరకు ఉంటుంది. ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు రాష్ట్ర సగటే 2024లో 10,000 డాలర్లు దాటింది, ఈ ధర ఇంటికి 12, 13 వేలు వస్తుంది. మొత్తం 20 వేల పైమాటే. ఇలినాయ్‌లో 4.95 శాతం ఫ్లాట్ ట్యాక్స్, అంటే 9,300 వరకు. చికాగో శివార్లలో ప్రాపర్టీ ట్యాక్స్ ఇంటి విలువలో రెండు శాతం దగ్గర తిరుగుతుంది. మొత్తం 22 వేల దాకా.

ఇప్పుడు ఫ్రిస్కో. ఇన్‌కమ్ ట్యాక్స్ సున్నా. ప్రాపర్టీ ట్యాక్స్ స్కూలు, సిటీ, కౌంటీ, కాలేజీ అన్నీ కలిపి 1.7 శాతం దగ్గర ఉంటుంది. సొంతింట్లో ఉండేవాళ్లకిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు పోను తొమ్మిదిన్నర వేలు అనుకోండి. అదే ఫ్రిస్కో దాటి ఉత్తరానికి, కొత్తగా లేస్తున్న కమ్యూనిటీలకు వెళ్తే మడ్ (మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) లేదా పిడ్ (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) అని అదనపు పన్ను తగులుతుంది. రోడ్లు, నీళ్లు, డ్రైనేజీకి చేసిన అప్పును ఇళ్లు కొన్నవాళ్లు ఏళ్ల తరబడి తీర్చడమే ఇది. దాంతో రేటు 2.3 శాతం దాటుతుంది, బిల్లు 13,500 అవుతుంది. "అక్కడ ఇల్లు చవక" అనిపించడానికి సగం కారణం ఈ పన్నే. బిల్డర్ సేల్స్ ఆఫీసులో గ్రానైట్ రంగు గురించి అరగంట చెప్తారు, దీని గురించి మీరు అడిగితేనే చెప్తారు.

రాలీ పక్కన కేరీలో నార్త్ కరోలినా ఇన్‌కమ్ ట్యాక్స్ ఉంది. 2026 నుంచి 3.99 శాతం, మన లెక్కకు 7,000. కానీ ప్రాపర్టీ ట్యాక్స్ 0.85, 0.9 శాతం మధ్యే, అంటే 5,600 దాకా. మొత్తం 12,600. ఫ్రిస్కో కంటే మూడు వేలు ఎక్కువ, ఫ్రిస్కో పైనున్న కొత్త కమ్యూనిటీల కంటే తక్కువ! టెక్సస్ హోమ్ ఇన్సూరెన్స్ అదనం కూడా కలిపితే ఫ్రిస్కోకూ కేరీకీ మధ్య ఆ తేడా చాలావరకు పోతుంది. అట్లాంటా ఉత్తరాన కమింగ్, ఆల్ఫరెట్టా వైపు జార్జియా పన్ను 2025కి 5.19 శాతం, ప్రాపర్టీ ట్యాక్స్ ఒక శాతం లోపు. మొత్తం 15 వేల దగ్గర.

అందరికంటే చవకగా తేలేది ఎవరూ పెద్దగా మాట్లాడని ఫీనిక్స్. అరిజోనా ఇన్‌కమ్ ట్యాక్స్ 2.5 శాతం ఫ్లాట్, ప్రాపర్టీ ట్యాక్స్ 0.6 శాతం లోపే. రెండూ కలిపి 8,000 దగ్గర ఆగిపోతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ ఉన్న రాష్ట్రం, లేని రాష్ట్రం కంటే చవక పడిందన్నమాట. "టెక్సస్‌లో ట్యాక్స్ లేదు" అని ఎవరైనా అంటే ఏ ట్యాక్స్ లేదో అడగడం మంచిది.

డాలస్: అన్నీ ఉన్నాయి, వడగళ్లతో సహా

ఈ ఊరి గురించే ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే తెలుగువాళ్లలో ఎక్కువమంది వెళ్లేది ఇక్కడికే. కారణాలు బలమైనవి. ఉద్యోగం పోతే ఊరు మారకుండానే ఇంకోటి దొరికే అవకాశం వెచ్చని ఊళ్లన్నిట్లో ఇక్కడే ఎక్కువ. బ్యాంకులు, టెలికం, విమానయానం, ఇన్సూరెన్స్, టయోటా ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం అన్నీ ఒకే మెట్రోలో ఉన్నాయి. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి, అర్వింగ్‌లో ఏక్తా మందిర్ ఉన్నాయి. పిల్లలకు కూచిపూడి నేర్పేవాళ్లు, ఇంటికొచ్చి పూజ చేయించే పురోహితులు, సత్యనారాయణ వ్రతానికి భోజనాలు వండిపంపేవాళ్లు అందరూ దొరుకుతారు. సంక్రాంతికి గరాజ్‌లో కాకుండా బయట వాకిట్లో ముగ్గేసుకోవచ్చు. తెలుగు వినపడకపోతే బెంగ పెట్టుకునే ఇల్లాలో, పెద్దవాళ్లో ఇంట్లో ఉంటే ఈ ఒక్క కారణం చాలు, మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టేయొచ్చు.

ఇక ఖర్చుల వైపు. ఎండ సంగతి ముందు. 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన 38 డిగ్రీలు దాటిన రోజులు డాలస్‌లో 2011లో 71, 2023లో 55. "రామగుండంలో పెరిగినవాణ్ణి, 38 ఒక లెక్కా" అనొచ్చు. లెక్కే. అక్కడ చెట్టు కింద కూర్చుంటాం, సాయంత్రం వీధిలోకి వస్తాం. ఇక్కడ నీడలేని పార్కింగ్ లాట్, కాంక్రీటు కాలిబాట, ఎదగని మొక్కలున్న కొత్త కమ్యూనిటీ. పిల్లలు జులైలో బయట ఆడరు. చికాగోలో జనవరికి ఇంట్లో బందీలైనట్టే ఇక్కడ జులై, ఆగస్టుల్లో అవుతారు. తేడా ఏమిటంటే, ఎండను తవ్వక్కర్లేదు, దాని మీద కారు జారదు. నా వరకు ఆ తేడా చిన్నదేం కాదు.

రెండోది వడగళ్లు. ఉత్తర టెక్సస్‌లో మార్చి నుంచి జూన్ దాకా పడే వడగళ్లు కప్పు షింగిల్స్‌ను చితకబాదేస్తాయి. అందుకే ఇక్కడి హోమ్ ఇన్సూరెన్స్ న్యూజెర్సీతో పోలిస్తే రెండు మూడు రెట్లు ఉండటం మామూలే. ప్రీమియం కంటే ముఖ్యమైంది డిడక్టబుల్, అంటే నష్టంలో ముందు మనం భరించాల్సిన వాటా. గాలి, వడగళ్ల నష్టానికి అది డాలర్లలో కాదు, శాతంలో రాసి ఉంటుంది. ఇంటికి 6 లక్షల కవరేజీ ఉండి డిడక్టబుల్ 2 శాతమైతే, మొదటి 12,000 డాలర్లు మీ జేబులోంచే. ఒక శాతానికి మార్చమని అడగండి, ప్రీమియం కొంచెం పెరిగినా సరే. పాత కప్పుకు పూర్తి ఖరీదు ఇస్తారా, తరుగు తీసి ఇస్తారా అన్నది కూడా పాలసీలో చూడాలి. తరుగు తీసి ఇచ్చే పాలసీ అయితే పదిహేనేళ్ల కప్పుకు వచ్చేది నామమాత్రమే.

మూడోది మనకు బాగా తెలిసిన నేల. డాలస్ చుట్టుపక్కల ఉన్నది మన నల్లరేగడి లాంటి మట్టే. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దానిమీద కాంక్రీట్ స్లాబ్ పోసి ఇల్లు కడతారు, బేస్‌మెంట్లు ఉండవు. మట్టి ఒకవైపు ఎండి ఒకవైపు తడిగా ఉంటే స్లాబ్ కదిలి గోడలు చీలతాయి, తలుపులు పట్టేస్తాయి. అందుకే ఇక్కడివాళ్లు వేసవిలో ఇంటి చుట్టూ నీళ్లు ఊరే పైపు పరిచి పునాదికి నీళ్లు పెడతారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది విడ్డూరంగా ఉంటుంది. పాత ఇల్లు కొంటుంటే మామూలు ఇన్‌స్పెక్టర్‌తో సరిపెట్టకుండా ఫౌండేషన్ కోసం స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను విడిగా పిలిపించండి.

కరెంటు కూడా కొత్త పాఠమే. డాలస్ ప్రాంతంలో చాలాచోట్ల ఏ కంపెనీ దగ్గర కొనాలో మనమే ఎంచుకోవాలి. నెలకు 1,000 యూనిట్లు దాటితే క్రెడిట్ ఇస్తామనే ప్లాన్లు పైకి చవకగా కనిపిస్తాయి. ఏసీ ఆగిపోయిన నవంబర్‌లో 950 యూనిట్లు వాడితే ఆ క్రెడిట్ పోయి బిల్లు పైకి లేస్తుంది. అన్ని వాడకాలకూ ఒకే రేటుండే ప్లాన్ తీసుకుని, కాంట్రాక్టు ముగిసే తేదీని ఫోన్‌లో పెట్టుకోండి. తేదీ దాటితే ఎక్కువ రేటులోకి జారిపోతారు.

చలి వదిలి వచ్చామనుకునేవాళ్లకు ఇంకొక మాట. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో సున్నా కింద 2 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో సున్నా కింద 19 డిగ్రీలు నమోదైంది. రాష్ట్రంలో 45 లక్షల ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు పోయింది. అధికారిక లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. ఇలినాయ్ ఇళ్లు ఆ చలికి తట్టుకునేలా కడతారు, టెక్సస్ ఇళ్లు అలా కట్టరు. నీళ్ల పైపులు అటక మీదుగా, బయటి గోడల్లోంచి పోతాయి. కాబట్టి వచ్చిన మొదటి వారంలోనే మెయిన్ వాటర్ వాల్వ్ ఎక్కడుందో చూసి, దాన్ని కట్టేయడం ఇంట్లో అందరికీ నేర్పండి.

ఫీనిక్స్: పొడి ఎండ, చవక పన్ను

చాండ్లర్‌లో ఇంటెల్, ఉత్తర ఫీనిక్స్‌లో టీఎస్‌ఎంసీ చిప్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. సెమీకండక్టర్ రంగంలో ఉన్నవాళ్లకు డాలస్ కంటే ఇదే మంచి చోటు. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఇంత చక్కటి వాతావరణం అమెరికాలో తక్కువచోట్ల దొరుకుతుంది. కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లు ఆ పొడిగాలిలో హాయిగా ఉందంటారు. హరికేన్లు లేవు, వడగళ్లు అరుదు, ఇన్సూరెన్స్ టెన్షన్ తక్కువ.

మిగతా ఐదు నెలల సంగతి అంకెల్లో చెప్పడమే మేలు. 2023లో వరుసగా 31 రోజులు పగటి గరిష్ఠ వేడి 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 43 సెల్సియస్‌కు తగ్గలేదు. ఆ జులైలో వరుసగా 16 రాత్రులు 90 డిగ్రీల కిందికి దిగలేదు. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో ఆ ఏడాది వేడి సంబంధిత మరణాలు 645. అందులో దాదాపు సగం మంది ఇళ్లు లేనివాళ్లు. కానీ ఇళ్లలో ఏసీ పాడై చనిపోయిన పెద్దవాళ్లూ ఉన్నారు. ఇక్కడ ఏసీ సౌకర్యం కాదు, ప్రాణాధారం. కొనే ఇంట్లో ఏసీ వయసు పదేళ్లు దాటితే కొత్తదాని ఖరీదు బేరంలో తగ్గించుకోండి.

నీటి ప్రశ్న కూడా ఉంది. కేవలం భూగర్భజలం మీద ఆధారపడే కొత్త లేఅవుట్లకు ఫీనిక్స్ చుట్టుపక్కల కొన్ని ప్రాంతాల్లో 2023 జూన్‌లో అరిజోనా ప్రభుత్వం అనుమతులు ఆపేసింది. ఊరికి బాగా దూరంగా కొత్త కమ్యూనిటీలో కొంటుంటే, 100 ఏళ్ల నీటి హామీ పత్రం ఎవరి పేరుమీద ఉందో అడగాలి. ఉబ్బసం, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లు వ్యాలీ ఫీవర్ గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. అక్కడి దుమ్ములో ఉండే ఫంగస్ వల్ల వచ్చే జబ్బు అది.

రాలీ, షార్లెట్, అట్లాంటా: మధ్యేమార్గం

నన్నడిగితే మంచు తప్పించుకోవాలి గానీ నిప్పుల్లో పడకూడదు అనుకునేవాళ్లకు నార్త్ కరోలినాయే సరైన జవాబు. నాలుగు కాలాలూ ఉంటాయి, మంచు ఏడాదికి ఒకటి రెండుసార్లు పడి మర్నాటికి కరుగుతుంది. వేసవి ఉక్కగానే ఉంటుంది గానీ చెట్లు ఉన్నాయి, నీడ ఉంది. ఇంకా న్యూజెర్సీకి తొమ్మిది పది గంటల డ్రైవ్‌లో వెళ్లిపోవచ్చు. అక్కడ అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కేరీలో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్‌లో ఫార్మా, ఐటీ రెండూ ఉన్నాయి. షార్లెట్ అయితే బ్యాంకుల ఊరు. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుపాను దెబ్బకు నాశనమైంది ఆ రాష్ట్రపు పశ్చిమాన ఉన్న కొండప్రాంతం, రాలీ కాదు. కానీ ఉద్యోగాల సంఖ్యలో ఇది డాలస్‌కు సాటిరాదు. ఇక్కడ ఉద్యోగం పోతే రెండోది వెతకడానికి ఎక్కువకాలం పడుతుంది.

అట్లాంటాలో ఉద్యోగాలు ఎక్కువే, తెలుగువాళ్లూ ఎక్కువే, పన్ను లాభం మాత్రం తక్కువ. ట్రాఫిక్ గురించి ఎంత చెప్పినా తక్కువే: కమింగ్‌లో ఇల్లు, డౌన్‌టౌన్‌లో ఆఫీసు అయితే రోజుకు రెండు మూడు గంటలు కార్లోనే. మార్చి, ఏప్రిల్‌లో పుప్పొడి కార్లమీద పసుపు చల్లినట్టు పేరుకుంటుంది. పిల్లల కాలేజీ దగ్గర ఒక పెద్ద లాభం ఉంది. దాని గురించి కింద చెప్తాను.

హ్యూస్టన్, ఫ్లోరిడా: త్వరగా

హ్యూస్టన్‌లో ఆయిల్, వైద్యరంగాల్లో ఉన్నవాళ్లకు తప్ప మిగతావాళ్లకు డాలస్ కాదని ఇక్కడికి రావడానికి నాకు కారణం కనపడదు. ఉక్కపోత కాకినాడను గుర్తుచేస్తుంది. 2017లో హార్వీ వరద, 2024 జులైలో బెరిల్ తుపానుకు 22 లక్షల కరెంటు కనెక్షన్లు తెగిపోవడం చూశాం. కొంటే ఒకటే నియమం: ఫ్లడ్ జోన్ కాదని ఏజెంట్ చెప్పినా సరే ఫ్లడ్ ఇన్సూరెన్స్ తీసుకోండి. మామూలు హోమ్ పాలసీలో వరద ఉండదు. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ సాధారణంగా తీసుకున్న 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. ఇంటికి దాని పరిమితి 2.5 లక్షల డాలర్లు.

ఫ్లోరిడాలో ఇన్‌కమ్ ట్యాక్స్ లేకపోవడం వల్ల మిగిలిందాన్ని ఇన్సూరెన్స్ తినేస్తుంది. పాత యజమాని కట్టే ప్రాపర్టీ ట్యాక్స్ చూసి మోసపోవద్దు. సొంతింట్లో ఉన్నవాళ్లకు అక్కడ విలువ పెంపు ఏడాదికి 3 శాతం దాటకూడదు కాబట్టి పాతవాళ్ల బిల్లు చిన్నది. మీరు కొన్న మరుసటి ఏడాది అది మార్కెట్ ధరకు ఎగిరిపోతుంది. ఐటీ ఉద్యోగాలు కూడా పలచనే. అప్పులేని ఇల్లు కొనుక్కుని, పూర్తి రిమోట్ ఉద్యోగమో రిటైర్మెంటో ఉన్నవాళ్లకైతే టాంపా హాయి.

అమ్మానాన్నలు వచ్చేది ఎప్పుడు?

"అమ్మానాన్నలు చలికి తట్టుకోలేరు, అందుకే మారుతున్నాం" అంటారు చాలామంది. ఆలోచించి చూడండి. వాళ్లు మన దగ్గరికి వచ్చేది ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో, అక్కడి ఎండలు తప్పించుకోవడానికి. అక్టోబర్‌లో వెళ్లిపోతారు. ఆ ఆరు నెలలూ న్యూజెర్సీ, చికాగో బ్రహ్మాండంగా ఉంటాయి. నాన్నగారు పొద్దునా సాయంత్రం వాకింగ్ చేస్తారు, అమ్మ పెరట్లో గోంగూర, బీర పెంచుతుంది. అవే నెలల్లో డాలస్ వస్తే పొద్దున ఆరింటికి వాకింగ్ ముగించుకుని మళ్లీ రాత్రి దాకా ఇంట్లోనే. టమాటా కూడా ఆ వేడికి పిందె పట్టదు, బెండ, గోంగూరే నిలబడతాయి. వెచ్చని ఊరికి మారితే వాళ్లు అక్టోబర్ నుంచి మార్చి దాకా ఉండేలా మార్చుకోవాలి. అప్పుడు దీపావళి, సంక్రాంతి మీతో ఉంటాయి, ఊళ్లో ఉండవు. దీనికి వాళ్లు ఒప్పుకుంటారా అన్నది వాళ్లనే అడగండి.

ప్రయాణం విషయం కూడా. నెవార్క్, జేఎఫ్‌కేల నుంచి ఢిల్లీకి నేరుగా విమానాలున్నాయి గానీ హైదరాబాద్‌కు అక్కడ మళ్లీ మారాలి. డాలస్ నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా ఒకే మార్పుతో హైదరాబాద్ చేరొచ్చు. వీల్‌చెయిర్‌తో ఒంటరిగా వచ్చే పెద్దవాళ్లకు రెండూ దాదాపు ఒకటే కష్టం.

పిల్లల క్లాసు చూసి నిర్ణయించండి

పిల్లలు ఎలిమెంటరీలో ఉంటే ఎక్కడికైనా వెళ్లండి, ఏడాదిలో కలిసిపోతారు. పదో తరగతి దాటితే నా సలహా ఒక్కటే: కదలకండి. స్నేహితులు, టీచర్ల సిఫార్సు లేఖలు, క్లబ్బుల్లో పదవులు అన్నీ సున్నా నుంచి మొదలవుతాయి. చాలా స్టేట్ యూనివర్సిటీలు ఇన్-స్టేట్ ఫీజుకు కనీసం 12 నెలల నివాసం అడుగుతాయి కూడా.

టెక్సస్‌లో క్లాస్ ర్యాంకు ప్రాణం తీస్తుంది. క్లాసులో పైనున్న 10 శాతానికి స్టేట్ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం అని చట్టం. కానీ యూటీ ఆస్టిన్‌కు అది 2026 ఫాల్ నుంచి 5 శాతం. ఫ్రిస్కో, కోపెల్, ప్లేనో స్కూళ్లలో ఆ 5 శాతం కోసం పోటీపడేది మన పిల్లలే, ఒకరితో ఒకరు. మీ అమ్మాయి నేపర్‌విల్‌లో బాగా చదివేది కావచ్చు, ఫ్రిస్కోలో మధ్యస్థంగా తేలవచ్చు. చదువు తగ్గి కాదు, పక్కనున్నవాళ్లు పెరిగి. మధ్యలో వచ్చిన పిల్లల పాత గ్రేడ్లను ర్యాంకుకు ఎలా లెక్కిస్తారో స్కూల్ కౌన్సెలర్‌ను ముందే అడగండి.

జార్జియాలో లాభం ఇదే. హైస్కూల్లో 3.7 జీపీఏ, శాట్‌లో 1200 తెచ్చుకుంటే జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్ కింద స్టేట్ కాలేజీలో ట్యూషన్ ఫీజు మాఫీ అవుతుంది. జార్జియా టెక్ కూడా అందులోకే వస్తుంది. షరతు ఏమిటంటే, పిల్లలకు సిటిజన్‌షిప్పో గ్రీన్ కార్డో ఉండాలి. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీదున్న పిల్లలకు ఇది వర్తించదు.

నా ఎంపిక ఎవరికి ఏది

ఇద్దరూ ఐటీలో ఉండి, పిల్లలు చిన్నవాళ్లై, ఉద్యోగ భద్రత మీద బెంగ ఉంటే డాలస్. మడ్, పిడ్ లేని చోట, కొంచెం చిన్నదైనా పాత ఇల్లు చూడండి. ఎండ పడదు, చలీ పడదు అనేవాళ్లకు రాలీ. చిప్ రంగమో, ఇల్లు మారడంలో పన్ను ఆదాయే ముఖ్యమో అయితే ఫీనిక్స్, అదీ ఇంట్లో పసిపిల్లలూ బాగా పెద్దవాళ్లూ లేకపోతేనే. హైస్కూల్ మొదట్లో ఉన్న పిల్లలకు గ్రీన్ కార్డ్ వచ్చి ఉంటే అట్లాంటా. మాన్‌హాటన్‌కు రైల్లో వెళ్లే ఉద్యోగం, మూడు శాతం వడ్డీకి తీసుకున్న ఇంటి అప్పు, పదకొండో తరగతి పిల్లాడు, ఈ మూడింట్లో రెండు మీకుంటే ఉన్నచోటే ఉండండి. మారడానికయ్యే డబ్బుతో జనవరిలో పది రోజులు ఫ్లోరిడా వెళ్లిరండి.

మారదామని గట్టిగా అనుకున్నవాళ్లు ఊరు చూడటానికి మార్చిలో వెళ్లొద్దు, ఆగస్టు రెండో వారంలో వెళ్లండి. హోటల్లో కాకుండా బంధువుల ఇంట్లోనో అద్దె ఇంట్లోనో దిగి, ఆఫీసు వేళకు కారులో ఆ దారిలో వెళ్లి చూడండి. టోల్ ఎంతవుతుందో రాసుకోండి, డాలస్‌లో అది నెలకు చెప్పుకోదగ్గ మొత్తమే అవుతుంది. పాత ఇల్లు వెంటనే అమ్మకుండా అద్దెకిచ్చి, కొత్త ఊళ్లో మీరూ ఏడాది అద్దెకుండటం నేను అందరికీ చెప్పే మాట. ఆ ఏడాదిలో ఒక వేసవి, ఒక వడగళ్ల కాలం రెండూ చూసేస్తారు. ఇక కుండీలోని కరివేపాకు మొక్కను కార్లో పెట్టుకుని రాష్ట్రాలు దాటించకండి. నారింజ, నిమ్మ తోటలకు తెగులు తెచ్చే పురుగు దానిమీద బతుకుతుంది కాబట్టి చాలా రాష్ట్రాల్లో ఆంక్షలున్నాయి. ఎదురింటివాళ్లకిచ్చి వెళ్లండి, కొత్త ఊళ్లో కొత్తది దొరుకుతుంది.

టెక్సస్‌లో కొన్నాక చేయాల్సినవి రెండు. హోమ్‌స్టెడ్ మినహాయింపుకు మీరే దరఖాస్తు పెట్టాలి, దానంతటది రాదు. అది వచ్చాక మరుసటి ఏడాది నుంచి పన్ను విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకుండా కూడా ఆగుతుంది. విలువ ఎక్కువ వేశారనిపిస్తే మామూలుగా మే 15లోపు అభ్యంతరం పెట్టొచ్చు. కొత్త బిల్డర్ ఇల్లయితే మొదటి ఏడాది పన్ను తరచుగా ఖాళీ స్థలం విలువ మీదే పడుతుంది. నెల వాయిదా చిన్నగా కనపడి సంతోషపడతాం. రెండో ఏడాది ఇంటి మొత్తం విలువ మీద పన్ను పడి, ఎస్క్రోలో, అంటే పన్ను, ఇన్సూరెన్స్ కట్టడానికి బ్యాంకు మన దగ్గర నెలనెలా తీసి దాచే ఖాతాలో, లోటు వచ్చిందని బ్యాంకు ఉత్తరం పంపుతుంది, వాయిదా నెలకు కొన్ని వందల డాలర్లు పెరుగుతుంది. అసలు పన్నెంతో ఇల్లు కొన్నరోజే లెక్కేసుకుని, ఆ తేడాను మొదటి నెలనుంచే వేరే ఖాతాలో వేసుకుంటూ రండి.